సాక్ష్యాల గది తలుపు

నేను ఒక తలుపుని. వేపచెక్క తలుపుని. నన్ను చేసిన వడ్రంగి తెచ్చి ఒక రైస్ మిల్లు ఆఫీసు గదికి బిగించాడు. పన్నెండేళ్ళు అక్కడే ఉన్నాను. నన్ను మూసుకుని లోపల కూర్చున్నవాళ్ళు ఒక్కనాడైనా మంచిమాట చెప్పుకోగా వినలేదు. అందుకే నాది అనుమానపు బుద్ధి. దాచుకోవడం దేనికి?

మిల్లు మూతపడ్డాక చర్చి సంఘంవాళ్ళు నన్ను పాతసామాన్ల కొట్లో చూసి, మందిరం పక్కనున్న సండే స్కూలు గదికి తెచ్చుకున్నారు. నీలం రంగు పూసి పైన ఒక బైబిలు వాక్యం రాయించారు. వాక్యం రాసినంత మాత్రాన మనుషుల్ని నమ్ముతానా!

ఆ సంఘంలో పదహారేళ్ళు వచ్చిన పిల్లలు బాప్తిస్మం తీసుకోవాలి. ముందు అందరి ఎదుటా సాక్ష్యం, అంటే తమ బతుకు దేవుడివైపు ఎలా తిరిగిందో, చెప్పాలి. వాళ్ళకు నేర్పే జోసఫ్ మాస్టారు ఒకప్పుడు తాగుడు మానిన మనిషి. ఆనాడు తాను చెప్పుకున్న సాక్ష్యాన్నే పిల్లలందరిచేతా బట్టీ పట్టించేవాడు. "పేకాటలో, తాగుడులో బతుకు పాడుచేసుకుని, లోకమంతా తిరిగి అలసిపోయి..." అని గడగడా అప్పజెప్పేవారు. వాళ్ళలో బస్టాండు దాటి వెళ్ళినవాళ్ళు ఒక్కరు లేరు. పెద్దలు మాత్రం ఏటా కళ్ళు తుడుచుకునేవారు.

మాస్టారు పోయాక రిటైరైన నర్సు సుగుణరత్నం గారు వచ్చింది. వస్తూనే ఆ సాక్ష్యం పక్కన పెట్టించింది. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినే పిలిచి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టుకునేది. నన్ను మూసేముందు వరండాలోకి అటూ ఇటూ తొంగిచూసేది. ఎందుకు చూడాలి? లోపల బోధేమీ చేసేది కాదు, అన్నీ అడిగేది. ఇంత తియ్యగా అడిగే మనిషి ఆ కబుర్లు ఎక్కడికో చేరవేయకుండా ఉంటుందా? పైగా ఆవిడ ఇల్లు సంఘపెద్ద జక్కరయ్య ఇంటి పక్కనే. పిల్లలు జాగ్రత్తపడాలని, మూసినప్పుడల్లా గట్టిగా కిర్రుమనేవాణ్ణి.

ఒక ఆదివారం జక్కరయ్య కూతురు హెప్సిబా వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, గోళ్ళు కొరుక్కుంటూనే చెప్పింది.

"టీచర్ గారూ, నాకేం అనిపించట్లేదండీ. ప్రార్థనలో అందరూ ఏడుస్తారు, నాకు రాదు. నీళ్ళలోకి దిగితే అబద్ధం ఆడినట్టే. వద్దంటే మా నాన్న పరువు పోద్ది. ఎవరికీ చెప్పకండేం!"

"చెప్పనమ్మా. నువ్వే చెప్పేదాకా నా నోరు దాటదు."

సరిగ్గా అప్పుడు బయటివైపు నామీద బరువు పడింది. కూతుర్ని భోజనానికి పిలవడానికొచ్చిన జక్కరయ్య, తోయబోయిన చెయ్యి ఆపి, చెవి ఆనించి నిలబడ్డాడు. అంతా విన్నాడు. కిర్రుమందామనుకున్నాను. ఎవరో ఒకరు కదిలిస్తేగా! వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం బాప్తిస్మం పేర్లు ఆయనే చదివాడు. ఏడుగురు. "మా అమ్మాయి ఇంకా సిద్ధంగా లేదు. సిద్ధపడేదాకా ఆగుతాం" అన్నాడు. మందిరమంతా గుసగుసలు. హెప్సిబా విసురుగా వచ్చి నన్ను తోసింది.

"చెప్పేశారుగా!"

"లేదమ్మా."

"మరెవరు చెప్పారండీ? ఆ రోజు ఈ గదిలో మనిద్దరమేగా ఉంది?"

ఆ జవాబు నా దగ్గర ఉంది. నేను తలుపుని.

ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఆమెను చూసి మిగతా పిల్లలూ మానేశారు. "ఆవిడకేం చెప్పినా పెద్దల చెవిన పడుద్ది" అని తల్లులు వరండాలోనే అనుకునేవారు. వేరే టీచర్ని చూడాలన్న మాట కూడా లేచింది. నెలల తరబడి నేను పెంచుకున్న అనుమానం ఇప్పుడు ఊరందరిదీ అయింది, నా దగ్గర మాత్రం మిగల్లేదు. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం వచ్చి, ఖాళీ కుర్చీకి ఎదురుగా ఇరవై నిమిషాలు కూర్చుని వెళ్ళేది.

నాలుగో ఆదివారం జక్కరయ్య కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నా ముందు ఆగాడు.

"ఆవిడ చెప్పలేదమ్మా. నేనే ఇక్కడ నిలబడి విన్నా."

"ఎంత విన్నావు?"

"అంతా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"సంఘపెద్దని. తలుపుకి చెవి ఆనించానని ఎట్టా చెప్పుకునేది?"

హెప్సిబా ఆయన మొహం కూడా చూడకుండా లోపలికెళ్ళి నన్ను మూసేసింది. సుగుణరత్నం గారి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బయట జక్కరయ్య నాకు దూరంగా, గేటు దగ్గర మెట్టుమీద ఎండలో కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి. కదల్లేదు.

పిల్ల బయటికొచ్చింది. ఆయన లేచి, ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు.

"ఏం మాట్లాడుకున్నామో అడగవా?"

"అడగనమ్మా."

"అయితే పద నాన్నా. నడుస్తా చెప్తా."