నేలఉసిరి పరీక్ష

"ఏందే, కూరల ఉప్పే లేదు. నీ నోరు పనిచేస్తలేదా?"

పనిచేయదు మరి. పొద్దున్నుంచి నేలఉసిరి కొరికిన నోటికి ఉప్పు ఎలా తెలుస్తుంది? ఈ మాట స్వరూప పన్నెండేళ్లుగా చెబుతూనే ఉంది, మొగుడు ఎల్లేష్ వినిపించుకుంటేగా! ఉస్మాన్‌గంజ్‌లోని వాళ్ల మూలికల దుకాణానికి వచ్చే ప్రతి మూటా ముందు పురానాపూల్‌లోని ఇంటికే చేరుతుంది. నేలఉసిరి పేరు చెప్పుకుని దాని దాయాదులు నాలుగైదు రకాలు కలిసి వస్తాయి. ఎండాక అన్నీ ఒకేలా ఉంటాయి. కాయ తొడిమ చూసి, అనుమానమొస్తే పంటి కింద పెట్టి వేరు చేయాలి. అసలుదైతే చేదు గొంతు దాకా దిగుతుంది. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాపురానికొచ్చిన మొదటేడు సరుకు మూటలకు మూటలు వెనక్కొస్తుంటే, తిట్లు తిని నేర్చుకుంది. ఆపైన వంట, అంట్లు, పిల్ల చదువు. "కూసొని ఆకులేరుడే గదా, దానికి గింత లొల్లి ఏంది?" అంటుంది అత్త నాగమణమ్మ, మంచం దిగకుండానే.

ఎల్లేష్ చెయ్యి కడుక్కుంటుండగా, దుకాణంలో అడ్రస్ కనుక్కుని హరిప్రియ వచ్చింది. మొక్కల జన్యువులు పరీక్షించే ల్యాబులో శాస్త్రవేత్త. నెల క్రితం బజారులో పన్నెండు దుకాణాల నుంచి నేలఉసిరి కొనుక్కెళ్లింది.

"మీది తప్ప అన్నీ కల్తీయేనండీ. డీఎన్ఏ చూస్తే మీ సరుకు మొత్తం ఒకటే జాతి. మందుకు కావలసిన ఫిలాంథిన్ కూడా అందులోనే ఎక్కువ. ఎవరు ఏరుతారు? శనివారాలు మా దగ్గరికొచ్చి పదిమందికి నేర్పాలి. జీతం ఇస్తాం."

"నేనే మేడం," అన్నాడు ఎల్లేష్, తడబడకుండా. "మా బాపు నేర్పిండు."

చాయ్ తెస్తున్న స్వరూపకు ఒళ్లు మండిపోయింది.

హరిప్రియ పేర్లు లేని ఐదు పొట్లాలు బల్ల మీద పెట్టింది. "నేర్పేవాళ్ల ఫారంలో మీ పేరు రాసేముందు వీటిలో అసలువేవో చెప్పండి."

ఎల్లేష్ ఒక ఆకు నమిలి, ఓరకంట భార్య వైపు చూశాడు. పెద్ద బేరగాళ్లు వచ్చినప్పుడల్లా జరిగే తంతే ఇది. అసలుదైతే ఆమె కొంగు సర్దుకోవాలి, కాకుంటే దగ్గాలి. ఆయన పనిమంతుడనిపించుకోవాలి. స్వరూప కొంగు ముట్టలేదు, దగ్గలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన చెమట తుడుచుకుంటూ ఐదూ అసలువే అన్నాడు.

"రెండేనండీ," అంది హరిప్రియ.

స్వరూప వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కటే విప్పి, కొరికి, మొదటిదీ నాలుగోదీ పక్కకు జరిపింది.

"గివి అసలువి. మూడోదాంట్ల సగం వేరేది కలిసింది. పేరు స్వరూప అని రాయిండ్రి మేడం."

హరిప్రియ రాసుకుంది.

"శనివారం నువ్వు పోతే ఇంట్ల పని ఎవలు జేస్తరే?" ఎల్లేష్ పళ్లు కొరికాడు.

"ఎవలు జెయ్యరు. నువ్వు గూడ క్లాసుకు రా," అంది స్వరూప. "ముందు వరుసల కూసోబెడ్త."