చుట్టకుదురు

నాలుగు ఉయ్యాలల తాళ్లనూ ఒక్కచోట ముడివేసి, కుడికాలి బొటనవేలికి తగిలించుకుంది ఇన్నాసమ్మ. కాలు కదిలినప్పుడల్లా వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలు ఊగుతున్నాయి. చేతులు మాత్రం రాతి చెక్కల్లో పగలనివి ఏరి పక్కన పెడుతున్నాయి. మార్కాపురం పలకల గనిలో ముసలివాళ్లకు ఇచ్చే పని అది. గోళ్ల సందుల్లో బూడిదరంగు దుమ్ము, మెడలో నల్లపూసల జపమాల. దగ్గు వచ్చినప్పుడల్లా దాని చివరి సిలువ ఎగిరెగిరి పడుతోంది.

ఐదో ఉయ్యాల దూరంగా తుమ్మచెట్టుకు ఉంది. అది చెంచులక్ష్మిది. వానలు లేక, ఉన్న నాలుగు జీవాలనూ కనిగిరి సంతలో అమ్ముకుని కొత్తగా గనిలో చేరిన గొల్లపిల్ల. చేరిన రోజే చెప్పింది.

"ముసలమ్మా, నా పిల్లోన్ని నువ్వు ముట్టుకోబాక. మా అత్త ఒప్పుకోదు."

"ముట్టనులే తల్లీ. ఈ యాపచెట్టు నీడ మంచిది, ఈడ కట్టుకో."

"మీ పిల్లల పక్కన వద్దులే."

తుమ్మ నీడ పొద్దెక్కగానే కరిగిపోతుంది. మర్నాడు ఇన్నాసమ్మ ఇంటినుంచి పొడవాటి నులకతాడు తెచ్చింది. ఒక కొసను ఉయ్యాలకు చెంచులక్ష్మి చేతనే కట్టించి, రెండో కొస తన ఎడమకాలికి కట్టుకుంది. అప్పటినుంచి ఆ పిల్లవాణ్ని ముట్టకుండానే ఊపుతోంది.

ఇవాళ వాడు ఊపినా ఊరుకోవటం లేదు. ఆకలి ఏడుపు మొదట గట్టిగా ఉంటుంది. తర్వాత సన్నబడుతుంది, గొంతు ఎండిపోయినట్టు. ఆ సన్నబడటం ఇన్నాసమ్మకు తెలుసు. ఆమె కొడుకు రాయప్ప ఏడుపూ ఈ వేపచెట్టు కిందే అట్లా సన్నబడింది. అప్పుడామె గనిలో ఉంది, తలమీద గంపతో. అన్నం గంటకు ముందు పైకెక్కితే పూట కూలి పోతుంది. గంట కొట్టాక పరుగెత్తి వచ్చేసరికి ఉయ్యాలలో చప్పుడు లేదు.

నెలకోసారి సైకిలు మీద వచ్చే చర్చి స్వామి దగ్గర, చేసిన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఆమె ఎప్పుడూ ఆ మాటే చెప్పేది. "బిడ్డ ఏడుస్తుంటే గుంతలో ఉంటి స్వామీ." అది నీ పాపం కాదమ్మా అన్నాడాయన ఒకసారి. "మరి ఎవరిది స్వామీ?" అని అడిగింది. అప్పటినుంచి ఏ బిడ్డ ఆకలికి ఏడ్చినా ఇన్నాసమ్మ కాలి తాళ్లు విప్పి గనిలోకి దిగుతోంది.

ఇవాళా దిగింది. మేస్త్రీ మస్తానయ్య బండ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"వచ్చినావా అవ్వా. ఆంధ్రరాష్ట్రం పుట్టి కర్నూలుకు రాజధాని వచ్చినాది గానీ నీకు మాత్రం బుద్ధి రాలేదు."

"ఆ రాజధాని వచ్చి పిల్లోనికి పాలు కుడుపుతాదా నాయనా?"

"గంప ఆగగూడదు. నాకు అదొక్కటే."

"ఆగదులే. నేను మోస్తా."

"నీకు నీ దగ్గే బరువు."

"దాన్నీ మోస్తుండా గదా, కూలి లేకుండా."

శౌరమ్మా తక్కిన ఆడవాళ్లూ నవ్వారు. చెంచులక్ష్మి నవ్వలేదు. ఆమె రవిక ముందు భాగం పాలకు తడిసి ఉంది. గంప దించి, తలమీది తన చుట్టకుదురు తీసి, ముసలిదానికి తగలకుండా బొడ్డులో దోపుకుంది. ఇన్నాసమ్మ అది చూసి, పాత చీర పేలికలతో చుట్టిన తన చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది.

"గంప నా నెత్తికెత్తు తల్లీ. పిల్లోనికి కడుపునిండా ఇయ్యి. ఉరకబాక, రాళ్లు జారతాయి."

మూడోసారి పైకెక్కేటప్పుడు ఆమెకు గని అంచు కనపడలేదు. కాళ్లకు తెలిసిన దారి కాబట్టి ఎక్కింది. చెంచులక్ష్మి ఎదురొచ్చింది.

"తాగినాడా?"

"తాగి పండుకున్యాడు. నువ్వు పోయి కూకో అవ్వా. చెమటలు కారుతుండాయి."

అవ్వా అన్నందుకు ఇన్నాసమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది. చుట్టకుదురు గని అంచున పెట్టింది. "శౌరమ్మ బిడ్డ మధ్యాన్నం లేస్తాది. మళ్లీ రావాల్నే గదా, ఈడనే ఉండనీ."

అన్నం గంటకు తల్లులంతా పైకొచ్చారు. ఉయ్యాలలు ఊగటం లేదు. బిడ్డలు నిద్రపోతున్నారు. ఇన్నాసమ్మ వేపమొద్దుకు ఆనుకుని, జపమాల గుప్పిట్లో పట్టుకుని ఉంది. శౌరమ్మ పిలిచింది, భుజం తట్టింది, తర్వాత చేయి వెనక్కి తీసుకుని నోటికి అడ్డం పెట్టుకుంది.

పైకొచ్చి మళ్లీ కట్టుకున్న నులకతాడు ఎడమకాలికి బిగిసి ఉంది. చెంచులక్ష్మి దగ్గరికొచ్చి చతికిలబడింది. ఆ కాలిని ఒడిలో పెట్టుకుంది. ముడి వేళ్లకు రాలేదు. వంగి పళ్లతో విప్పింది.

మగవాళ్లు నలుగురు ఇన్నాసమ్మను పల్లెకు మోసుకుపోయారు. మేస్త్రీ మిగిలినవాళ్లను దిగమన్నాడు.

మధ్యాహ్నం ఆమె చెప్పినట్టే శౌరమ్మ బిడ్డ లేచింది. ఏడుపు గనిలోకి వినపడింది. మేస్త్రీ బీడీ వెలిగించలేదు. గంప కింద శౌరమ్మ తల కదలక నిలిచిపోయింది. ఏడుపు సన్నబడుతోంది.

"ఇట్లియ్యి అక్కా, నువ్వు బిడ్డ కాడికి పో," అంది చెంచులక్ష్మి. తన గంప మీద ఆ గంప రాళ్లు కూడా పోయించుకుని, మెడ నరాలు తేలుతుండగా పైకెక్కింది.

గని అంచున ఇన్నాసమ్మ చుట్టకుదురు పెట్టినచోటే ఉంది. నడుమ ఆమె తల చేసిన పల్లం, ఆ పల్లంలో ఇంకా ఆరని చెమట తడి.