టన్ను చేపల్ని లాగిన తాడు

పదకొండు దాటింది. కార్తీకం వచ్చినా తాడేపల్లిగూడెంలో ఆ రేకుల షెడ్డు కింద ఉక్క తగ్గలేదు. జాకీ మీద లేపిన కారు పక్కన అల్తాఫ్ గొంతుకూర్చున్నాడు. ఊడదీసిన షాక్ అబ్జార్బరు అతని మోకాళ్ళ మధ్య ఉంది. దాని చుట్టూ లావుపాటి స్ప్రింగు. కారు బరువుకి అణిగి ఉండగానే ఆ స్ప్రింగుకి పచ్చ నైలాను తాడు చుట్టి గట్టిగా ముడేశాడు. ఇప్పుడు పైనున్న నట్టు విప్పాలి. విప్పాక ఆ స్ప్రింగు ఎగరకుండా ఆపేది ఆ తాడొక్కటే.

"కానియ్యండి అల్తాఫ్ గారూ, పెళ్ళికెళ్ళే బండి," అన్నాడు షెడ్డు యజమాని సుబ్బరాజు. అని, సెల్‌ఫోను చెవిన పెట్టుకుని మెల్లగా రోడ్డు మీదికి నడిచాడు. నట్టు విప్పే వేళకి ఆయనకి ప్రతిసారీ ఫోను వస్తుంది. అంత కచ్చితంగా ఎవరు చేస్తారో ఆ దేవుడికే తెలియాలి.

సుబ్బరాజు మర్యాద గూడెంలో పేరున్న మర్యాద. పనివాణ్ణయినా గారు లేకుండా పిలవడు, నోటివెంట ఒక్క మాట తూలదు. మర్యాదకి ఖర్చేముంది, నోటి నిండా పంచవచ్చు.

కొల్లేటిని ఆక్రమించి ఆ మహానుభావుడు చేపల చెరువులు వేశాడు. మొన్న వేసవిలో ప్రభుత్వం గట్లు తెంపేసింది. పని పోయిన లంకల కూలీలు లబోదిబోమంటుంటే ఈయన వలలూ తాళ్ళూ లారీకెత్తించి భద్రంగా ఇంటికి చేర్చుకున్నాడు. ఆ తాళ్ళే షెడ్డులోకి వచ్చాయి. "టన్ను బొచ్చె చేపల్ని గట్టుకి లాగిన తాడండి. ఇంతోటి స్ప్రింగు దీనికో లెక్కా?" అన్నాడు.

పాపం, షెడ్డు పనివాళ్ళూ నమ్మారు. కొల్లేటి మనుషులకి తాడంటే అంత గురి. మెకానిక్కు తోమా లంకలో వల లాగుతూ పెరిగినవాడు. దసరాకి ముందు ఓ రోజు స్ప్రింగుకి ముడి తనే వేశాడు. అలాంటి ముడి కొల్లేట్లో ఎన్నడూ జారలేదు. ఇక్కడా జారలేదు. తుప్పు పట్టిన స్ప్రింగు అంచుకి రాసుకుని తాడే తెగింది. ఎగిరిన స్ప్రింగు తోమా దవడ విరగ్గొట్టింది.

సుబ్బరాజు ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకెళ్ళాడు. దవడకి తీగలు కట్టించుకుని పడుకున్నవాడికి బత్తాయిలు. "తొందరపడ్డారు తోమా గారూ," అని మెత్తగా మందలించాడు కూడా. తిరిగొచ్చి షెడ్డు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. తోమా భార్య నాగరత్నం ఇవాళ్టికీ మొగుడికి గొట్టంతో జావ తాగిస్తోంది.

అప్పుడు అల్తాఫ్ నోరు తెరిచి స్ప్రింగు కంప్రెసర్ అడిగాడు. స్ప్రింగుని పట్టి అణిచే కొక్కేల జత అది. విజయవాడలో దొరుకుతుంది. ఆశ్చర్యం, సుబ్బరాజు తెప్పించాడు. దసరా నాడు గంధం, కుంకుమ పెట్టి ఆయుధపూజ చేయించాడు. చేయించి, ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి, "మా దగ్గర అన్నీ కంపెనీ పనిముట్లేనండి," అంటాడు. ఇప్పుడు ఆ గదిలో ఫ్యాను కింద కూర్చున్న కారు ఆసామి, రైసుమిల్లు హనుమంతరావు కూడా ఆ బీరువాని చూసి తృప్తిగా తల ఊపినవాడే.

దసరా తర్వాత వచ్చిన మొదటి స్ప్రింగు పని ఇదే. అల్తాఫ్ చేతులు అలవాటు కొద్దీ తాడు కట్టేశాయి. స్పానరు తగిలించి కొంచెం తిప్పాడు. తాడు కిర్రుమంది. అతని చెయ్యి ఆగిపోయింది. స్ప్రింగు కొస గోడవైపు ఉండేలా జాగ్రత్తగా పడుకోబెట్టి, లేచి రోడ్డు మీదికి వెళ్ళాడు.

"రాజుగారండీ, బీరువా తాళం ఇప్పించండి."

"ఇప్పుడెందుకండీ?"

"కంప్రెసర్ కావాలండి. రెండు కొక్కేలూ ఎదురెదురుగా తగిలించి, ఇటు కాస్త అటు కాస్త సమానంగా బిగిస్తే స్ప్రింగు అణిగి నట్టు మీద తోపుడు పోతుందండి. అప్పుడు నట్టు విప్పితే భయం ఉండదు. ఎంతసేపో పట్టదండి."

"కొత్త సామానండీ. పూజలో పెట్టింది. మీ చేతుల్లో పడితే ఏదన్నా మిగులుద్దా చెప్పండి. గీతలు పడిపోతాయి. ఈసారికి తాడుతో కానిచ్చెయ్యండి."

"దానికి గీతలు పడకూడదు. తోమా మొహానికి పడొచ్చాండి?"

సుబ్బరాజు ముఖం మాడిపోయింది. ఈలోగా హనుమంతరావు గదిలోంచి బయటికొచ్చాడు. "ఏవండీ, భీమడోలులో ముహూర్తం దగ్గర పడిందండీ. వీళ్ళతో వాదనేంటి, ఎవరో ఒకరిచేత విప్పించెయ్యండి," అన్నాడు.

ఎవరో ఒకరట. ఆ ఎవరో ఒకరికి కళ్ళూ ముక్కూ ఉంటాయని, ఇంటి దగ్గర అన్నం వండి ఎదురుచూసేవాళ్ళుంటారని ఆ పట్టు చొక్కాకి తట్టలేదు.

అల్తాఫ్ సుబ్బరాజు వైపే చూస్తూ అన్నాడు. "అయితే ఓ పని చేద్దామండి. తాడుతోనే విప్పుతాను. మీరొచ్చి నా ఎదురుగా కూర్చోండి. నట్టు వచ్చేదాకా కూర్చుంటే చాలు."

సుబ్బరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసిన సంగతి ఆయనకే తెలియదు, చూసినవాళ్ళకి తెలిసింది.

"విప్పనంటారు, అంతేనా?"

"విప్పనండి."

"మంచిదండి. మీరింక రేపట్నించి రావక్కర్లేదు. ఏలూరు నుంచి ఇక్కడిదాకా షెడ్లవాళ్ళందరూ మనకి తెలిసినవాళ్ళే, నేను చెప్తాను. ఎలీయాజరు గారూ, మీరు రండి. మీరు బుద్ధిమంతులు," అని షెడ్డులో ఉన్న ఇంకో మెకానిక్కుని కేకేశాడు.

ఆ బెదిరింపు ఉత్తిది కాదని అల్తాఫ్‌కి తెలుసు. సుబ్బరాజు వద్దన్నవాణ్ణి ఈ చుట్టుపక్కల ఏ షెడ్డువాడూ పెట్టుకోడు. ఇంట్లో భార్య మెహరున్నీసాకి ఏం చెప్పాలో తోచలేదు. అయినా స్పానరు తుడిచి డబ్బాలో పెట్టి, షెడ్డు బయట పాత టైరు మీద కూర్చున్నాడు.

లోపల నుంచి సుబ్బరాజు గొంతు వినపడుతూనే ఉంది. ఎంతో మెత్తగా, ఎంతో ఓపిగ్గా ఎలీయాజరుకి నచ్చజెబుతున్నాడు. పిల్లల చదువులు గుర్తుచేస్తున్నాడు. క్రిస్మస్‌కి బట్టలు పెడతానంటున్నాడు. నట్టు తిరిగే చప్పుడు వస్తుందేమోనని అల్తాఫ్ చెవి ఒగ్గాడు.

ఎలీయాజరు బయటికి వచ్చాడు. అల్తాఫ్ పక్కన, అదే టైరు మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

"నాకు భయంగా ఉంది భాయ్," అన్నాడు.

"నాకూ భయమేరా," అన్నాడు అల్తాఫ్.

లోపలి నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఇద్దరూ లేవలేదు.