మైలపడ్డ పాలు

మట్టికుప్ప మీద బిక్షం పడిపోయేసరికి పదకొండూ ఇరవై అయింది.

పొద్దున ఆరింటి నుంచి అతను అక్కడే నిలబడి ఉన్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పైన తవ్విన మట్టిని డంపర్లు తెచ్చి ఆ కుప్ప అంచున పోస్తాయి. వెనక్కి వచ్చే డంపరు అంచు దాటి దొర్లిపోకుండా ఎర్రజెండా చూపి ఆపడం అతని పని. కూలి రోజుకు నూట ఇరవై రూపాయలు. మే నెల ఎండకు ఆ కుప్ప మీద చెట్టు లేదు, రేకు లేదు. గొడుగు అడిగితే జెండా కనపడదన్నారు. ప్లాస్టిక్ టోపీ ఇచ్చి అదే భద్రత అన్నారు. దాని కింద తల ఉడుకుతుంటుంది.

జెండా లేవకపోయేసరికి డంపరు డ్రైవరు మొగిలి బ్రేకు వేసి కిందికి దూకాడు. బిక్షం ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎక్కడా చెమట చుక్క లేదు. మొగిలి అతన్ని డంపరు నీడలోకి ఈడ్చి, డబ్బాలో నీళ్లు మొహం మీద పోశాడు. ఆ నీళ్లు కూడా వేడిగానే ఉన్నాయి. డంపరు రోడ్డెక్కే బండి కాదు. అతను మేనేజరు శ్రీనివాసరావుకు ఫోన్ చేశాడు. మట్టి తీసే కంట్రాక్టు కంపెనీకి ఈ సైటులో ఆయనే పెద్ద.

"సారూ, బిక్షం పడిపోయిండు. వడదెబ్బ. ఒళ్లు కాలిపోతున్నది. జీపు జల్ది పంపుండ్రి, దవాఖానకు కొంటవోదం."

"జీపు నా దగ్గరే ఉంది. పది నిమిషాల్లో పంపుతా."

"గంత సేపెందుకు సారు, నూటెనిమిదికి ఫోన్ చేస్త."

"వద్దు. వాళ్లొస్తే గనిలో పడిపోయాడని రాసుకుంటారు. జీపు వస్తోందని చెప్పాను కదా!"

శ్రీనివాసరావు చెడ్డవాడేమీ కాదు. గుంటూరు దగ్గర నుంచి వచ్చి పన్నెండేళ్లుగా గోదావరిఖనిలో ఉంటున్నాడు. కూలీల పేర్లు గుర్తుంటాయి ఆయనకు. పండక్కి స్వీటు పెట్టెలు పంచుతాడు. అలాంటివాళ్ల చేతుల్లోనే మనుషులు చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా చచ్చిపోతుంటారు.

ఆయన అప్పుడు ఊరి చివర కంపెనీ అద్దెకు తీసుకున్న కొత్త బంగళాలో ఉన్నాడు. అక్కడ గృహప్రవేశం జరుగుతోంది. ఇల్లు ఆయనది కాదు, పోలండు నుంచి వచ్చిన ఇంజనీరుది. ఆ దేశపు యంత్రాన్ని గనిలో బిగించడానికి మార్చిలో వచ్చాడతను. వెంట భార్య హన్నా వచ్చింది. రెండు నెలలు గెస్ట్‌హౌస్‌లో ఉన్నారు. ఈ రోజు కొత్త ఇంట్లో దిగుతున్నారు.

ఆ రెండు నెలలూ హన్నాకు ఇక్కడ బతకడం నేర్పింది బిక్షం పెళ్లాం సమ్మవ్వ. గెస్ట్‌హౌస్‌లో గిన్నెలు తోమడానికి నెలకు పదిహేను వందలకు పెట్టుకున్నారామెను. హన్నా వచ్చిన కొత్తలో గాలి కోసమని మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ తెరిచేది. ఇనప ఊచలు ముట్టుకుని చేతులు కాల్చుకునేది. పగటిపూట కొళాయి విప్పి సలసలకాగే నీళ్లు ఒంటి మీద పోసుకుని ఏడ్చింది. సమ్మవ్వకు ఆమె మాట రాదు, ఆమెకు ఈమె మాట రాదు. అయినా ఎనిమిదింటికే కిటికీలు మూయడం, రాత్రే బకెట్లు నింపి పెట్టుకోవడం, బయటికి వెళ్తే తల చుట్టూ తువాలు కట్టుకోవడం, మజ్జిగలో ఉల్లిగడ్డ నంజుకోవడం, అన్నీ చేత్తో చూపించే నేర్పింది. ఇప్పుడు హన్నా రంగు తేలింది. రాత్రుళ్లు నిద్రపోతోంది. శ్రీనివాసరావు రెండుమూడుసార్లు అన్నాడు కూడా, "సమ్మవ్వా, నువ్వు లేకపోతే ఈవిడ ఏప్రిల్లోనే విమానం ఎక్కేసేది" అని.

అందులో అబద్ధం లేదు. ఏప్రిల్లో గెస్ట్‌హౌస్ గేటు ముందు సైకిలు మీద బట్టలమ్మే ముసలాయన ఎండకు పడి చచ్చిపోయాడు. హన్నా చూసింది. వారం రోజులు అన్నం ముట్టలేదు. మొగుడు టిక్కెట్లకు ఫోన్ చేశాడు. అతను వెళ్లిపోతే యంత్రం ఆగుతుంది, యంత్రం ఆగితే కంట్రాక్టు పోతుంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో వడదెబ్బ అనే మాట ఎవరూ ఎత్తకూడదని శ్రీనివాసరావు కట్టడి చేశాడు.

గృహప్రవేశం ఆలోచన ఆయన భార్య చంద్రమతిది. ఏ ఊరివాళ్లయినా కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సిందేనని ఆవిడ నమ్మకం. పంతులు చేత లగ్నం పెట్టించింది. పదకొండూ నలభై ఐదు నుంచి పన్నెండూ ముప్ఫై ఆరు. ఆఫీసర్ల ఆడవాళ్లు ఎనిమిది మంది పట్టుచీరల్లో వచ్చారు. హన్నాకు కూడా చీర కట్టారు. గిన్నెకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. ఆవుపాలు పోశారు. హన్నా చేత గ్యాసు వెలిగించారు.

శ్రీనివాసరావు ఫోన్ జేబులో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నిజానికి ఆ వేళకు చంద్రమతి జీపును అరిటాకుల కోసం బజారుకు పంపి ఉంది. అదిగో వచ్చేస్తుంది, రాగానే గనికి పంపించెయ్యాలి అనుకున్నాడు. సమ్మవ్వ పొయ్యి పక్కన తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వైపు ఒకసారి చూశాడు. ఇప్పుడు చెప్తే గుండెలు బాదుకుంటుంది. శుభకార్యం చెడుతుంది. దొరసాని ఎందుకని అడుగుతుంది. పాలు పొంగాక చెబుదామనుకున్నాడు.

పాలు పైకి లేచాయి. గిన్నె అంచు దాకా తెల్లగా ఉబ్బాయి. ఆడవాళ్లంతా చేతులెత్తి దణ్ణం పెట్టబోయేంతలో హన్నా గబుక్కున చెయ్యి చాచి గ్యాసు కట్టేసింది.

ఆమెను ఏమనగలం? పాలు పొంగి పొయ్యి పాలు కాకుండా చూడాలని వాళ్లమ్మ చిన్నప్పటినుంచీ చెప్పి ఉంటుంది. ఏ దేశంలోనైనా అమ్మలంతా అదే చెప్తారు. సమయానికి ఆపినందుకు ఆమె అందరి వైపూ చూసి నవ్వింది కూడా.

"అయ్యయ్యో!" అంది చంద్రమతి. "కిందపడనే లేదు. పొంగబోయి ఆగిపోవడం మహా అరిష్టం. ఏవండీ, మళ్లీ చెయ్యాలి. ఈ పాలు పనికిరావు, వేరే ఆవుపాలు కావాలి. లగ్నం దాటకుండా తెప్పించండి."

అప్పుడే జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

శ్రీనివాసరావు జీపు దాకా వెళ్లాడు. డ్రైవరు కిషన్ తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు. గని కుడివైపు, నాలుగు మైళ్లు. ఆవులున్న రాయమల్లు ఇల్లు ఎడమవైపు, కాలువ అవతల. అప్పటికి పదకొండూ యాభై అయింది. ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. పాలు తెచ్చి ఇటు పడేసి అటు గనికి పోవచ్చు, ఎంతసేపు, ఇరవై నిమిషాలు అని లెక్క వేసుకున్నాడు. ఎండ దెబ్బ తగిలినవాడికి ఇరవై నిమిషాలంటే ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. ఆ లెక్క మాత్రం ఆయన వేసుకోలేదు.

"రాయమల్లు దగ్గరికి పోయి రెండు లీటర్లు పిండించుకురా. జల్దీ" అన్నాడు.

మొగిలి మళ్లీ ఫోన్ చేశాడు. ఆయన ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. ఎత్తి, "బయల్దేరింది" అన్నాడు. జీపు బయల్దేరిన మాట నిజమే.

పన్నెండూ ఇరవైకి పాలు వచ్చాయి. కిషన్‌ను గనికి పొమ్మని చెప్తుండగానే జేబులో ఫోన్ మోగింది.

"పొయిండు సారు" అన్నాడు మొగిలి. "ఇగ జీపు జల్ది రాకున్నా ఏం గాదు."

శ్రీనివాసరావు ఫోన్ కట్టేశాడు. లోపల చంద్రమతి తొందరపెడుతోంది. హన్నాకు ఈసారి గ్యాసు ముట్టుకోవడానికి భయంగా ఉంది. తప్పు చేసిన పిల్లలా ముడుచుకుపోయింది. ఆమెకు ఆ ఇంట్లో నమ్మకమున్న మనిషి ఒక్కతే. సమ్మవ్వ చెయ్యి పట్టుకుని లాగి, తన చేతితో పాటు ఆ చేతిని కూడా గిన్నె మీద పెట్టించింది. పనిమనిషి చెయ్యి వేయడం చంద్రమతికి నచ్చలేదు. కానీ ముత్తైదువే కదా అని ఊరుకుంది. పన్నెండున్నరకు పాలు పొంగి పొయ్యి మీదుగా గట్టు మీదికి, గట్టు మీది నుంచి నేల మీదికి కారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సమ్మవ్వ కూడా నవ్వింది.

నేల తుడిచింది. పులిహోర వడ్డించింది. ఆకులు ఎత్తింది. రెండుంబావుకు శ్రీనివాసరావు ఆమెను గేటు దగ్గరికి పిలిచి, "బిక్షానికి కొంచెం ఒంట్లో బాగాలేదట. ఇంటికెళ్లు" అన్నాడు. నడిచే వెళ్లింది. ఇంటి ముందు మంచం వాల్చి ఉంది. మంచం మీద బిక్షం ఉన్నాడు. కాళ్ల బొటనవేళ్లు అప్పటికే కట్టేశారు.

మరునాడు దహనం అయ్యాక మొగిలి ఆమె దగ్గర కూర్చున్నాడు. "చెప్తే పనిలకెల్లి తీసేస్తమన్నరు వదినె" అని మొదలుపెట్టి, అన్నీ చెప్పాడు. ఎన్నిసార్లు ఫోన్ చేశాడో, జీపు ఎటు పోయిందో, ఊపిరి ఎప్పుడు ఆగిందో. సమ్మవ్వ వింటూ కూర్చుంది. పులిహోర ఎన్ని ఆకుల్లో వడ్డించిందో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు మాత్రం కదిలాయి.

మూడో రోజు పొద్దున్నే జీపు వాడలోకి వచ్చింది. శ్రీనివాసరావు దిగాడు. చేతిలో కాగితం, సిరా అద్దే దిండు ఉన్నాయి. పక్కింటి కనకవ్వ కుర్చీ తెచ్చి వేస్తే కూర్చున్నాడు. ఆడవాళ్లు నలుగురు గుమ్మం దగ్గర చేరారు.

"జరగకూడనిది జరిగింది సమ్మవ్వా. కంపెనీ తరఫున దినాలకు ఇరవై వేలు ఇప్పిస్తున్నా. రూలు ప్రకారం ఇవ్వక్కర్లేదు, నేనే గట్టిగా అడిగి ఒప్పించాను. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

"ఏం రాసిండ్రు సారు అందుల?"

"ఏముంది, మామూలే."

"సదువుండ్రి."

ఆయన చదివాడు. బిక్షం అనే కూలీ ఆ రోజు రెండు గంటలకు షిఫ్టు దిగి, ఆరోగ్యంగా ఇంటికి చేరి, సాయంత్రం నాలుగున్నరకు ఇంటి దగ్గర గుండెపోటుతో మరణించాడు. ఆ మరణానికీ పనికీ ఏ సంబంధమూ లేదు.

కనకవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. సమ్మవ్వ తల వంచుకుని కాగితం వైపు చూసింది.

ఆ వంచిన తల చూసి శ్రీనివాసరావుకు ధైర్యం వచ్చింది. మిగతా విషయం కూడా ఇప్పుడే తేల్చేస్తే పోతుందనుకున్నాడు.

"ఇంకో మాట. దినాలయ్యాక కూడా బంగళాకు రానక్కర్లేదు. వేరే మనిషిని పెట్టారు. దొరసానికి నువ్వు మీ ఊరికి వెళ్లిపోయావని చెప్పాం. నువ్వు కూడా అటువైపు రాకు, పాపం ఆవిడ బెంగపడుతుంది."

"నేనేం తప్పు జేసిన సారు?"

"తప్పని కాదులే. మా ఆవిడ సంగతి తెలుసు కదా, పట్టింపులు. ఆ రోజు పాలగిన్నె మీద నీ చెయ్యి పడింది. మైలలో ఉన్న చెయ్యి. ఇల్లంతా మైలపడిందని నిన్నటినుంచీ ఒకటే గొడవ. ఇవాళ మళ్లీ మంచి లగ్నం ఉంది, పంతులొచ్చి శుద్ధి చేసి మళ్లీ పొంగిస్తాడు. అదిగో, పాలు తీసుకునే పోతున్నా."

జీపు వెనక సీటు మీద పాలక్యాను ఉంది. సమ్మవ్వ అటు చూసింది. ఆమెకు రాత్రంతా ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. మెదడు మాత్రం వాచలేదు.

"పాలు పొంగింది ఏ యాళ్లకు సారు?" అంది.

"అదే, పన్నెండున్నరకు."

"పన్నెండున్నరకు నా చెయ్యి మైలదా?"

"మరి అప్పటికే..." అని శ్రీనివాసరావు ఆగిపోయాడు.

గుమ్మం దగ్గర ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కనకవ్వ కొంగు నోట్లోంచి తీసేసింది.

"నాలుగున్నరకు సచ్చిండంటే, పన్నెండున్నరకు నేను ముత్తైదువనే" అంది సమ్మవ్వ. గొంతు పెద్దగా లేవలేదు. "మీ పాలకు మైల లేదు. మళ్ల పొంగిచ్చుడెందుకు? పాలు మైలపడ్డయంటే, నా పెనిమిటి గప్పటికే మీ మట్టికుప్ప మీద సచ్చిపడి ఉన్నడు. నేను నవ్వుకుంట గిన్నె పట్టుకున్న. మీకు ఎర్కై కూడ పట్టుకోనిచ్చిండ్రు. గీ రెండిట్ల ఏది నిజం సారు?"

"చూడు సమ్మవ్వా, అవి ఆడవాళ్ల నమ్మకాలు. ఇది ఆఫీసు కాగితం. దానికీ దీనికీ ముడిపెట్టకు."

"ముడి నేను పెట్టలే."

"వెయ్యకపోతే ఈ ఇరవై వేలూ రావు. పిల్లలున్నారు, ఆలోచించుకో. కేసులూ కోర్టులూ నీవల్ల అవుతాయా? సాక్ష్యం ఎవడు చెప్తాడు? మొగిలా? వాడికి ఇవాళే లెక్క చూసి పంపించేశాను."

ఆ మాటకు సమ్మవ్వ కళ్లు మూసుకుంది. మొగిలికి ముగ్గురు పిల్లలు. చెప్పినందుకు అతని పని పోయింది, పాలగిన్నె పట్టినందుకు తన పని పోయింది. ఇంకా పోవడానికి ఏం మిగిలిందో ఆమెకు తెలియలేదు.

శ్రీనివాసరావు సిరా దిండు తెరిచి, ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆమె బొటనవేలిని పిడికిట్లో మడిచి పెట్టుకుని, ఆ పిడికిలిని ఒళ్లో దాచుకుంది. ఆయన పట్టు విప్పడానికి ఒకసారి లాగి, నలుగురూ చూస్తున్నారని వదిలేశాడు.

"ఇంటికి పోయి అమ్మతోని మాట్లాడుకోండ్రి సారు" అంది. "ఏ యాళ్లకు సచ్చిండో ఇద్దరు ఒక్క మాట మీదికి రాండ్రి. వచ్చినంక చెప్పుండ్రి, నిషాని ఏస్త."

జీపు దగ్గర కిషన్ క్యాను మూత తీసి వాసన చూశాడు. "సారూ, ఎండ ఎక్కుతున్నది. పాలు ఇరుగుతయి" అని కేకేశాడు. శ్రీనివాసరావు వినిపించనట్టే కూర్చున్నాడు.