పెదనాన్న హామీ

"ఇంకొంచెం వంచండి... ఇంకొంచెం," అంటూ ఆమె మోకాలి కింద అరచెయ్యి ఆనించింది. మంచం మీది పెద్దావిడ పళ్లు బిగబట్టి, "నర్సువి కాదు, డాక్టరువి కాదు, ఎవరివే తల్లీ నన్నిలా చంపుతున్నావు?" అంది. ఫిజియోథెరపీ అండీ అని చెప్పడం, ఓహో మాలిష్ అమ్మాయివా అనిపించుకోవడం, నవ్వి ఊరుకోవడం ఆమెకు రోజూ ఉన్నవే. కాయలు కాసిన బొటనవేళ్లు, కడిగి కడిగి పొడిబారిన చేతులు, మడమల దగ్గర అరిగిన తెల్లబూట్లు. డిగ్రీ చదివి సంపాదించినదాంట్లో పైకి కనపడేది ఇంతే.

మిగతాదంతా చదువు అప్పు మింగింది. జీతం పడిన రోజే వాయిదా కోత. మిగిలినది అద్దెకీ బస్సుకీ బొటాబొటి. చదువు ఎగ్గొట్టి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టిన చిన్నాన్న కొడుకు కారు కొన్నాడు. ఆ కబురు మోసుకొచ్చింది పెదనాన్నే. నాన్న పోయాక అప్పుకి హామీ సంతకం పెట్టిందీ ఆయనే, పెట్టిన రోజు నుంచి సణిగిందీ ఆయనే.

"నీ జీతానికీ ఈ అప్పుకీ పొత్తు కుదరదే. నువ్వు చేతులెత్తేస్తే వాళ్లు నా పెన్షన్ మీద పడతారు," అనేవాడు.

ఆమెకు ఒళ్లు మండేది. గదికెళ్లి ఏడ్చేది కూడా. కానీ ఒక్క వాయిదా తప్పలేదు.

కిందటి వానల్లో పెదనాన్న స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక జన్మంతా వాకరే గతి అన్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరు. అప్పట్నుంచి ఆమె డ్యూటీ దిగగానే ఆయనింటికి పోయి, నడుముకు బెల్టు కట్టి, దాన్ని వెనక నుంచి పట్టుకుని నడిపిస్తోంది. దెబ్బతిన్న కాలికి ఆయన అల్లుడుగారని పేరు పెట్టాడు. ఎన్ని మర్యాదలు చేసినా ఉలకడట, పలకడట.

ఇవాళ ఆమె పెద్దావిడ మోకాలు పూర్తిచేసి, మధ్యాహ్నం సెలవు పెట్టి పెదనాన్న ఇంటికి వచ్చింది. ఆఖరి వాయిదా కట్టేసింది. అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం ఇస్తుంది.

"నువ్వు రానక్కర్లేదు పెదనాన్నా, నేను తెస్తాగా."

"సంతకం నా కాళ్ల మీద నిలబడి పెట్టా. విడిపించుకునేదీ అలాగే. పద."

బ్యాంకు మెట్ల దగ్గర ఆయన కమ్మీ పట్టుకున్నాడు. సంచీ, గొడుగు భుజాన తగిలించుకుని ఆమె వాకరు ఒక చేత్తో మోసింది, రెండో చెయ్యి బెల్టు మీద.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు."

"తెలుసులేవే. అల్లుడుగారు వెనక దయచేస్తారు."

కౌంటరు దగ్గర గుమాస్తా ముద్ర కొట్టి కాగితం జరిపాడు. "అయిపోయిందండీ. మీ హామీ కూడా తీరిపోయింది."

పెదనాన్న కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకుని చదివాడు. ఆమె చెయ్యి చాపితే ఇవ్వలేదు. "నేనే పట్టుకుంటా," అని గుమ్మం వైపు తిరిగాడు. "ఆగవే. నా లెక్క తప్పింది."

"ఏం తప్పింది?"

"ఇన్నాళ్లూ నీ జీతం ఒక్కటే వేశా. రోజూ వచ్చి నన్ను నడిపించావే, బయటివాళ్లయితే ఎంత గుంజేవాళ్లు? అది నేనెక్కడ వేశాను?"

"ఇప్పుడు ఇచ్చెయ్యి మరి!"

"ఇస్తానే, ఏమనుకున్నావ్! ఆ కొట్టువాడి కారు నన్ను తిప్పుతుందేమోగానీ నడిపిస్తుందా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి ఇలాంటి మాట వినలేదు. కౌంటరు మీద పెట్టిన సంచీ ఒక చేత, గొడుగు ఒక చేత పట్టుకుని, ఎంత ఇస్తావో చెప్పమని వెంటపడింది. అలా కీచులాడుకుంటూనే మెట్లు దిగారు. "దిగేటప్పుడు అల్లుడుగారు ముందు," అని అలవాటుగా అంది కూడా.

రోడ్డు మీదికొచ్చాక చూసుకుంది. బెల్టు పట్టుకోవాల్సిన చేతిలో గొడుగుంది.

"పెదనాన్నా! వాకరేదీ?"

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మొదట కుడికాలు, తర్వాత అల్లుడుగారు. తూలలేదు.

"ఓరి నీ దుంపతెగ!" అన్నాడు, కాలినో ఆమెనో. ఆమె నడిరోడ్డని కూడా చూడకుండా కేక పెట్టింది.

"ఉండు, తెస్తా."

"వద్దు. వడ్డీ కింద జమ వేసుకోమను," అని ఆయన కాగితం ఊపుకుంటూ ముందుకు నడిచాడు, కొంచెం కుంటుతూ, ఎవరూ పట్టుకోకుండా.

అద్దాల తలుపు వెనక, కౌంటరు ముందు, ఒక కాలికి రబ్బరు అరిగిన వాకరు తన వంతు కోసం వరసలో నిలబడి ఉంది.