నూనెగిన్నె బొమ్మ

పొక్లెయిన్ అద్దాలు తుడవడం నా పని. డీజిలు గుడ్డలో వడకట్టడం, ఫిల్టర్లో దుమ్ము దులపడం, ఆపరేటరుకి క్యారేజీ పట్టుకెళ్ళడం కూడా నా పనే. తాళం తిప్పడం మాత్రం నా పని కాదు. మా ఆయన కనకరాజు ఉన్నన్నాళ్ళూ "నువ్వెందుకే పైకెక్కడం, చీర చక్రాల గొలుసులో పడుద్ది" అనేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు మా మరిది వీరభద్రం "వదినా, మీరు కింద ఉంటే చాలండీ" అంటాడు. మర్యాదకి ఏ లోటూ రానివ్వడు. బండి నా పేరు మీదే ఉంది. ఆ మాట ఎత్తితే, "మీదేనండీ, ఎవరు కాదన్నారు?" అని నవ్వుతాడు.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన మరుసటి ఏడాది అది. దసరా వెళ్ళాక మొదటి రోజు పని. భీమడోలు దిగువన మురుగుకాలవలో పూడిక తియ్యాలి. నేను గట్టు మీద నిలబడి బయట అద్దం తుడుస్తుంటే, లోపల మా ఆపరేటరు విశ్వాసం తాళం సగం తిప్పాడు. అలా తిప్పినప్పుడు ఎదురుగా పలకలో ఉన్న ఐదు చిన్న లైట్లూ ఒక్కసారి వెలగాలి. ఇంజను అందుకోగానే అన్నీ ఆరిపోవాలి. తర్వాత ఏది వెలిగినా బండికి ఏదో బాగాలేదని. ఒక్కో లైటు మీద ఒక్కో బొమ్మ ఉంటుంది. నాకు అక్షరాలొచ్చింది నలభై రెండో ఏట, మా ఆయన పోయాక, ఊళ్ళో ఆడవాళ్ళకి పెట్టిన బడిలో. ఆ బొమ్మలు మాత్రం అంతకు చాలా ముందే చదివాను. మా ఆయన అన్నం తింటూ నీళ్ళలో వేలు ముంచి నేల మీద గీసి చూపించేవాడు. బ్యాటరీ డబ్బా, వేడి చూసే పుల్ల, చుక్క కారుతున్న నూనెగిన్నె. "మిగతావి వెలిగితే కాస్త ఆగి చూసుకోవచ్చే. గిన్నె వెలిగిందా, ఉన్నపళంగా ఆపెయ్యాల్సిందే. ఆయిల్ అందకపోతే ఇంజను పట్టేస్తుంది. ఇంక బండి పాత ఇనుమే" అనేవాడు.

ఆ పొద్దున నాలుగే వెలిగాయి.

సరిగ్గా చూశానా? ఎండ అద్దం మీద పడుతోంది, కళ్ళు చెదిరాయేమో. మళ్ళీ లెక్కపెడదామనుకునేలోపే ఇంజను అందుకుంది, అన్నీ ఆరిపోయాయి. బండి ముందుకు కదిలాక కింద చూశాను. నిన్న ట్రైలరు మీంచి దించినప్పుడు రూపాయి బిళ్ళంత ఉన్న నల్ల మరక ఇవాళ పళ్ళెమంత అయింది. వేలికి రాసుకుని వాసన చూశాను. ఇంజనాయిలే.

మరిదితో చెప్పాను.

"పాత బండన్నాక కారదా వదినా? నాలుగక్షరాలు రాగానే ఇంజనీరైపోతే ఎలాగండీ?" అన్నాడు. గట్టు మీద ఉన్న రైతులు నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళుగా అదీ నా పనే.

క్యారేజీ గిన్నెలు తుమ్మచెట్టు నీడలో పెట్టి కూర్చున్నాను గానీ, చెవులు ఇంజను దగ్గరే ఉన్నాయి. లైటు వెలిగితే కీచుమనే బజరు కూడా లేదు. ఆ మోత భరించలేకపోతున్నానని మరిదే దాని వైరు పీకించాడు. ఇంజను పట్టేస్తే బాగుచేయించే తాహతు నాకు లేదు. బండి పోతే నేనేమిటి? వీళ్ళింట్లో అంట్లు తోముతూ, "వదిన పాపం మాతోనే ఉంటుంది" అనిపించుకోవడమేనా? ఐదులో ఒకటి ఏమైంది? బల్బు పోయిందా? దసరా ముందు రెండు రోజులు బండి కడిగింది నేనే, అప్పుడు ఐదూ వెలిగాయి. పూజకి పసుపు కలిపింది నేనే, గంధం తీసింది నేనే. అంతా సిద్ధమయ్యాక తోటికోడలు చంద్రకళ దగ్గరికొచ్చి, "అక్కా, ఏమీ అనుకోకండి, కాసేపు షెడ్డు వెనక్కి వెళ్తారా?" అంది. వెళ్ళాను. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు అక్కణ్ణించే విన్నాను. నేను కలిపిన పసుపే లీవర్లకి, సీటుకి, తలుపుకి, పలకకి దిట్టంగా పూసి...

పలకకి.

లేచి పరిగెత్తాను. చెయ్యి ఊపితే విశ్వాసం బకెట్టు దించి కిటికీలోంచి తొంగిచూశాడు.

"పలక మీద ఆ పసుపు కింద ఏముంది విశ్వాసం?"

"గిన్నె బొమ్మండీ."

"తుడవలేదేం?"

"నేనెలా తుడుస్తానండీ? చర్చికెళ్ళేవాణ్ణి. పూజలో పెట్టిన బొట్టు చెరిపేశాడంటే ఇంక నాకు పనుంటుందా అమ్మగారూ?"

వెనకే మరిది వచ్చాడు. "ఏంటి వదినా, పని ఆపించేశారు? అమ్మవారికి పెట్టిన బొట్టు. అది చెరపడమేంటి? అందులోనూ మీ చేత్తో..."

అక్కడ ఆగాడు. చెప్పాను కదా, మర్యాద తెలిసినవాడు.

అప్పుడే ఇంజను చప్పుడు మారింది. ఎండు కొబ్బరిచిప్పలు కొట్టుకున్నట్టు టకటకలాడింది. చీర ఎగదోపి గొలుసు మీద కాలు పెట్టాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. లోపలికి వంగి, కొంగు నాలుకతో తడిపి ఆ పసుపు మీద గట్టిగా రుద్దాను. కుంకుమ ముందు పోయింది. ఎండిన పసుపు పెళ్ళలుగా ఊడింది. దాని కింద నూనెగిన్నె ఎర్రగా వెలుగుతోంది.

తాళం వెనక్కి తిప్పాను.

విశ్వాసం దిగి ఆయిల్ చూసే పుల్ల లాగాడు. కొసన కూడా తడి లేదు. "ఇంకాసేపుంటే పట్టేసేదండీ" అన్నాడు గొంతు తగ్గించి.

మరిది ఆ పుల్లకేసి చూడలేదు. నా కొంగుకేసి చూశాడు. "బొట్టు చెరిపేశారా వదినా!"

"పదోరోజున నాది చెరిపేటప్పుడు నన్నెవరూ అడగలేదు వీరభద్రం" అన్నాను. తాళం పీకి బొడ్లో దోపుకున్నాను. "రేపట్నించి పొద్దున్నే ఇది నేనే తిప్పుతాను. ఐదూ వెలిగితేనే విశ్వాసం ఎక్కుతాడు."

విశ్వాసం కారే చోటు బిగించి కొత్త ఆయిల్ పోశాక, సాయంత్రం ఇంటికెళ్ళి అందరి బట్టలూ ఉతికి ఆరేశాను. పసుపు అంటిన ఆ చీర ఒక్కటీ ఉతకలేదు. మర్నాడు పొద్దున దాన్నే కట్టుకుని బండెక్కాను.