రెండు ఈలలకు కదిలే బస్సు

నేను ఒక ఇత్తడి ఈలను. నా కడుపులో శనగగింజంత బెండుముక్క ఉంది. అది ఉన్నంతకాలం నాకు నిలకడ అనేది రాదు. డిపో ముందు కొట్లో సీసాడు ఈలల్ని ఒక్కొక్కటిగా ఊది చూసి, తుడవకుండానే సీసాలో పడేసి, చివరికి నన్ను ఏరుకున్నాడు కండక్టర్ ఖాసింవలి. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన మెడలో ఊగాను. ఒకసారి కూస్తే బస్సు ఆగాలి, రెండుసార్లు కూస్తే కదలాలి. ఇంట్లో ఎవరి మాటా వినని మనుషులు నా మాట మాత్రం విన్నారు.

రిటైరయ్యాక నన్ను సొరుగులో పెట్టాడు. ఎనిమిది నెలలు ఊపిరాడలేదు. ఆయనకూ కుదురు లేదు. గదిలోంచి వీధిలోకి, వీధిలోంచి గదిలోకి తిరుగుతూ భార్యను కూడా "కాస్త ముందుకు జరగండమ్మా" అనేవాడు.

"పోయి ఆ అంగన్‌వాడీ పిల్లలకి కథలన్నా చెప్పుకోండి. నా ప్రాణం తియ్యమాకండి" అంది మస్తాన్‌బీ.

నన్ను మెడలో వేసుకుని వెళ్లాడు. కథలు రాలేదుగాని అలవాటుకొద్దీ తలలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది. పాత చీరను పొడుగ్గా ముడేసి అందర్నీ లోపల నిలబెట్టి నన్ను రెండుసార్లు ఊదాడు. ఆ చీర బస్సు గదంతా పరుగెత్తింది. గుడ్డులో పచ్చసొన తిని తెల్లది జేబులో దాచుకునేవాడెవడో, నిద్రలో నవ్వేదెవరో వారంలో ఆయనకు తెలిసిపోయింది.

మోక్షిత ఒక్కతే అంతుపట్టలేదు. మూడున్నరేళ్ల పిల్ల, కొత్తగా చేరింది. నేను రెండుసార్లు కూయగానే గుమ్మం దగ్గరికి పరుగెత్తి గుక్కపట్టేది. ముందు సీటిచ్చినా అంతే, డ్రైవర్ని చేసినా అంతే.

"నెలాఖరు దాకా చూస్తానండీ. అప్పటికీ ఇట్టాగే ఏడిస్తే ఇంటికాడే ఉంచుకోమంటా" అంది వజ్రం టీచర్.

ఇంటి దగ్గర ఎవరున్నారు? తల్లి నాగేంద్రం మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఆ ఘాటులోకి పిల్లల్ని రానివ్వరు. పిల్ల ఇక్కడ ఉండకపోతే తల్లి పని మానాల్సిందే. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

ఒకరోజు ఖాసింవలి ముందుగానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాగేంద్రం పిల్లను టీచర్‌కి అప్పగించి ఎదురుగా ఆగిన బస్సెక్కింది. ఆ బస్సులో ఇంకో ఈల రెండుసార్లు కూసింది. బస్సు కదిలింది. మోక్షిత చెయ్యి చాచి అలాగే ఉండిపోయింది.

ఖాసింవలి నన్ను గుప్పిట్లో బిగించాడు. సిగ్గేసింది నాకు. అన్నేళ్లూ బస్సెక్కినవాళ్లనే చూశాను గాని, కింద మిగిలిపోయినవాళ్లను ఒక్కసారీ చూడలేదు.

లోపలికెళ్లి నన్ను ఆ పిల్ల మెడలో వేశాడు. "ఇయ్యాల్టి నుంచి నువ్వే కండక్టరువి. నువ్వు ఊదితేనే బండి కదిలేది."

మోక్షిత ఊదింది. ఒకసారే. అంటే బస్సు ఆగాలి.

ఇక కదలనివ్వదే! "పోనీవే!" అని పిల్లలు గగ్గోలు పెట్టారు. అన్నాలు చీరలోనే వరసగా కూర్చుని తిన్నారు. పడుకుని లేచి మళ్లీ చీరలోకే వచ్చారు. మోక్షిత నన్ను పళ్లతో కొరుకుతూ నిలబడింది గాని రెండోసారి ఊదలేదు. రెండో కూత కోసం నేను పడ్డ యాతన సొరుగులో కూడా పడలేదు.

నాలుగింటికి నాగేంద్రం వచ్చింది. మిరప మంట అంటుతుందని చేతులు దూరంగా పెట్టుకుని నిలబడింది. మోక్షిత ఆమె కొంగు పట్టి లాక్కొచ్చి చీరలోకి ఎక్కించింది.

"ఎక్కావా మా?"

"ఎక్కానే తల్లీ."

అప్పుడు ఊదింది, రెండుసార్లు. గదిలో మూడు చుట్లు తిరిగాం. మోక్షిత అందరికంటే ముందు పరుగెత్తింది. నెలాఖరు మాట టీచర్ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా మకాం అంగన్‌వాడీ గోడకున్న మేకు. పొద్దున్నే మోక్షిత నన్ను తీయించుకుని గడపమీద నిలబడుతుంది. ఎదురుగా ఆగే బస్సు కండక్టర్ ఖాసింవలి దగ్గర పని నేర్చుకున్నవాడే. తన ఈల నోట్లో పెట్టుకుని ఈ పిల్ల కోసం ఆగుతాడు. మోక్షిత ఒకసారి ఊదుతుంది. కిటికీలో అమ్మను చూస్తుంది. ఊపిరి పీల్చుకుంటుంది.

నాలో బెండుముక్క గిలగిల్లాడుతుంది. రెండోది ఊదుతుందో లేదోనని రోజూ నాకు భయమే. ఇంతవరకూ ప్రతిరోజూ ఊదింది.